పీఎస్6లో డిస్కుకు చోటుంటుందా?

ప్లేస్టేషన్ 6 ఎప్పుడొస్తుందో తెలియదు గానీ జోస్యాలు మాత్రం జోరుగా సాగుతున్నాయి. పీఎస్3 2006లో, పీఎస్4 2013లో, పీఎస్5 2020లో తొలిసారి మార్కెట్లోకి వచ్చాయి, మూడూ నవంబరులోనే. ఆ ఏడేళ్ల వరస తప్పకపోతే 2027 నవంబరు.

తేదీ కంటే ధరే అసలు చిక్కు. ఒకప్పుడు కన్సోల్ పాతబడేకొద్దీ చవకయ్యేది. పీఎస్5 ఆ లెక్క తిరగేసింది: డిస్కు మోడల్ మన దేశంలో 2021లో రూ.49,990కి వచ్చి, మరుసటి ఏడాదే రూ.54,990కి ఎక్కింది. కొత్తది చవగ్గా దొరుకుతుందన్న మాట నమ్మడం కష్టం.

2024 నాటి పీఎస్5 ప్రోలో డిస్కు డ్రైవే లేదు. కావాలంటే విడిగా కొని, పక్క మూత ఊడదీసి బిగించుకోవాలి. పీఎస్6దీ అదే దారైతే, ఆడేసిన ఆట అమ్మి ఇంకోటి కొనుక్కునే కుర్రాళ్లకు దెబ్బే. కాస్త ఖరీదైనా సరే, సోనీ డ్రైవును పెట్టెతోనే ఇవ్వాలి.