ఎన్ని గంటలకు వచ్చింది?

పక్షవాతం రోగిని తెచ్చినవారిని నర్సు మొదట అడిగేది ఇదే. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో జవాబు గడియారంలో దొరకదు. పాలు పితికే వేళ అనో, పలకల గనికి బయల్దేరేముందు అనో చెబుతారు. నిద్రలో వస్తే మరీ చిక్కు. అప్పుడు లేచిన సమయం కాదు, చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం రాయాలి.

రక్తపు గడ్డను కరిగించే సూదిమందు మామూలుగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. అంతకుముందే సీటీ స్కాన్‌ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైనే. నంద్యాల దగ్గరే అయినా నల్లమల ఘాట్‌ దాటాలి. మధ్యలో పసరు కోసం ఆగితే ఇక చెప్పేదేముంది!

ఆలస్యం ఇంట్లో జరిగిందా, దారిలోనా, స్కాన్‌ గది ముందా? తేల్చేవి ఈ రాతలే. బ్రిటన్‌లో ఇందుకు ప్రత్యేక ఆడిట్‌ ఉంది. మన దగ్గర ఐసీఎంఆర్‌ బెంగళూరు కేంద్రం ఆసుపత్రుల నుంచి ఇలాంటి వివరాలు సేకరిస్తుంది. రాసేది మాత్రం సెలైన్‌ ఎక్కించి, బీపీ చూసి, బంధువులకు సమాధానం చెప్పే చేతులే. రాత్రి డ్యూటీలో కొన్ని గడులు ఖాళీగా మిగిలితే వింతేముంది? మూడు నెలలకు రోగి నడుస్తున్నాడో లేదో కనుక్కోవాలన్నా, ఇచ్చిన ఫోన్‌ నంబరు పక్కింటివారిదై ఉంటుంది.

మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్‌ చేయండి. గడియారం చూసి, ఆ సమయం కాగితంమీద రాసుకుని వెంట తీసుకెళ్లండి.