డెకార్ట్ తెలుగులో చదవాలంటే

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లకు పేరుపడింది. ఇంజనీరింగ్ కాలేజీలకూ ఆ వైపు కొదవ లేదు. తత్త్వశాస్త్రం పైచదువు చదువుతానన్న పిల్ల మాత్రం నగరానికి బస్సెక్కాల్సిందే, ఉస్మానియాకో గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయానికో. అక్కడ డెకార్ట్, స్పినోజా, లాక్, హ్యూమ్‌ల పేర్లు వింటుంది. వాళ్ల పుస్తకాలను తన భాషలో చదివే భాగ్యం ఆమెకు ఎప్పుడు కలుగుతుంది?

ఇది అసాధ్యమేమీ కాదు. వందేళ్ల కిందట ఈ నగరంలోనే ఉర్దూలో జరిగింది. 1918లో మొదలైన ఉస్మానియా, పాఠాలన్నీ ఉర్దూలో చెప్పాలని పూనుకుంది. పుస్తకాల కోసం అంతకు ముందే అనువాద శాఖ ఏర్పడింది. అక్కడ తత్త్వశాస్త్రం బోధించిన అబ్దుల్ బారీ నద్వీ మదరసా చదువు నుంచి వచ్చినవారు. తాత్త్వికుడు బర్క్‌లీ మీద పుస్తకం రాశారు. అంతటితో ఊరుకోకుండా బర్క్‌లీ గ్రంథాన్నే ఉర్దూలోకి తెచ్చారు, హ్యూమ్‌నూ అనువదించారు. తర్వాత సూఫీ గురువు అష్రఫ్ అలీ థాన్వీ శిష్యులై ఆధ్యాత్మిక మార్గం పట్టారు. అది దారి తప్పడమని మేం అనుకోం. బర్క్‌లీ కూడా బిషప్పే కదా! చదివినదాన్ని బతుకులోకి తీసుకున్న పండితుడాయన.

డెకార్ట్ 1637లో తన తొలి గ్రంథాన్ని పండితుల లాటిన్‌లో కాకుండా ఫ్రెంచిలో రాశాడు, చదువు లేకున్నా ఆలోచించగలవాళ్లు చదవాలని. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్, శరీరం లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని ఉత్తరం రాసి నిలదీసింది. ఆయన జవాబులు ఆమెను తృప్తిపరచలేదు. మళ్లీ మళ్లీ అడిగింది. ఇంటర్ చదివే పిల్లకైనా తట్టగల ప్రశ్న అది. అదే శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు, తర్కం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తర్కసంగ్రహం రాశాడు. అంత పండితుడికి పిల్లల కోసం రాయడం చిన్నతనం అనిపించలేదు.

మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు పరిశోధన వ్యాసానికి ఉన్న గౌరవం తెలుగు అనువాదానికి లేదు. ఇది మారాలి. ఒక తాత్త్వికుడి గ్రంథాన్ని పీఠికతో, వివరణలతో తెలుగు చేయడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లను పరిశోధనగానే లెక్కించాలి.

తత్త్వశాస్త్ర ఆచార్యులకు మా విన్నపం ఒక్కటే. డెకార్ట్, ఎలిజబెత్ ఉత్తరాలతో మొదలుపెట్టండి. చేవెళ్ల విద్యార్థికి అర్థమయ్యే తెలుగులో రాసి పంపండి. నెలకు కొన్ని ఉత్తరాల చొప్పున మేం అచ్చువేస్తాం.