పేరు తర్వాత ప్రకటింపబడును

ఈ వారం కబుర్లు మా ఊరివి కావు. నెల్లాళ్లు సెలవు పెట్టి, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రానికి రాజధాని అయిన ఆస్టిన్ నగరంలో మా అక్కయ్య ఇంట్లో దిగాను. అక్కయ్య పెట్టింది తినడం, బావగారు చూపించింది చూడడం, మధ్యాహ్నం ఓ కునుకు తీయడం, ఇదీ నా దినచర్య. ఇలా ఉండగా నిన్న రాత్రి భోజనాల దగ్గర మా మేనల్లుడు, “మామయ్యా, మంగళవారం సాయంత్రం ఏ పనీ పెట్టుకోకు. మా యూనివర్సిటీ వాళ్ల బేస్‌బాల్ ఆట ఉంది. నీకూ టిక్కెట్టు తీసుకున్నాను” అన్నాడు.

నాకిక్కడ పనులేమిటి, నా మొహం! సరేనన్నాను. ఆడేదెవరితో అని అడిగాను.

“ఎవరో పక్క ఊరివాళ్లు. గంట ప్రయాణం. పెద్ద ఆట కాదులే. పెద్ద ఆటలన్నీ శుక్ర, శని, ఆదివారాల్లో అవుతాయి. ఇది వారం మధ్య ఆట” అంటూ చేతిఫోనులో పట్టిక తీసి నా ముందు పెట్టాడు. ఆ మూడు రోజుల ఆటలకు ఎదురుగా బంతి వేయబోయే కుర్రాళ్ల పేర్లు రెండు పక్షాలవీ వరుసగా ఉన్నాయి. మంగళవారం దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండు వైపులా ఒకటే మాట. తెలుగులో చెప్పాలంటే, “పేరు తర్వాత ప్రకటింపబడును.”

ఇరవై ఏళ్లుగా మా కాలేజీ నోటీసుబోర్డుకు తెలుగు రాసిపెడుతున్నవాణ్ణి నేను. ఈ వాక్యం నా చేతిమీదుగా ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు. ముఖ్య అతిథి ఎవరో తేలనప్పుడు రాస్తాం. పరీక్ష తేదీ కుదరనప్పుడు రాస్తాం. ఎవర్ని పిలవాలో మనకే తోచనప్పుడు మరీ గంభీరంగా రాస్తాం. అంచేత ఆ మాట చూడగానే నాకు ఆట మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. పేరు లేకపోవడమేమిట్రా అని మేనల్లుణ్ణి నిలదీశాను. వాడు ఓపిగ్గా చెప్పాడు. మీకూ చెబుతాను.

క్రికెట్టు తెలిసినవాళ్లకు ఈ ఆట సగం తెలిసినట్టే. పక్షానికి తొమ్మిదిమంది, తొమ్మిది ఇన్నింగ్సులు. ముగ్గురు అవుటైతే పక్షం మారుతుంది. బంతి వేసేవాణ్ణి పిచ్చరంటారు. వాడు మన బౌలరులాగా దూరాన్నుంచి పరుగెత్తుకు రాడు. పది అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బ మీద నిలబడి, కాలెత్తి, ఒళ్లంతా విల్లులా వంచి విసురుతాడు. బంతి నేలను తాకకుండా 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న పలక మీదుగా పోవాలి. సరైన బంతులు మూడు పోగొట్టుకుంటే కొట్టేవాడు అవుటు. పిచ్చరు నాలుగు బంతులు గురి తప్పితే కొట్టేవాడికి మొదటి మజిలీ ఉచితం. అలాంటి మజిలీలు 90 అడుగులకొకటి చొప్పున నాలుగు చుట్టివస్తే ఒక పరుగు. స్థూలంగా ఇంతే.

కిటుకంతా ఆ విసరడంలో ఉన్నది. శుక్రవారం నాడు వంద బంతులు విసిరిన చెయ్యి మళ్లీ ఆ బలంతో విసరాలంటే ఇంచుమించు వారం పడుతుంది. ఫిబ్రవరి మధ్యలో మొదలై మే నెల దాకా సాగే ఈ ఆటల్లో ఒక్కో జట్టుకు 56 ఆటల దాకా ఉంటాయి. ప్రతి వారాంతమూ సాధారణంగా ఒకే ప్రత్యర్థితో వరుసగా మూడు ఆటలు. అంచేత ప్రతి జట్టుకూ ముగ్గురు మేటి పిచ్చర్లు కావాలి. శుక్రవారానికొకడు, శనివారానికొకడు, ఆదివారానికొకడు. వాళ్ల పేర్లు ఊరందరికీ నోటికి వచ్చు. మరి మంగళవారం సంగతి? మంగళవారం నాటికి ఆ ముగ్గురి భుజాలూ విశ్రాంతిలో ఉంటాయి. అప్పుడు నాలుగోవాడు కావాలి. ఆ నాలుగోవాడే ఈ “తర్వాత ప్రకటింపబడు” పురుషుడు. చాలాసార్లు మొదటి సంవత్సరం కుర్రాడే అవుతాడట. ఒక్కోసారి దెబ్బతగిలి ఏడాదిపాటు కూర్చుని మళ్లీ లేచినవాడు కూడానట.

జట్టా, సామాన్యమైన జట్టు కాదు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు దేశంలోని కళాశాలలన్నిటి మీదా ఆరుసార్లు విజేతలుగా నిలిచారు. 1949, 1950, 1975, 1983, 2002, 2005 ఆ సంవత్సరాలు. వాళ్ల గుర్తు పొడుగు కొమ్ముల ఎద్దు. చూపుడువేలూ చిటికెనవేలూ పైకెత్తి కొమ్ములు చూపడం ఇక్కడ నమస్కారంతో సమానం. ప్రకాశం జిల్లావాణ్ణి గనక నాకు ఎద్దనగానే మూపురం గుర్తుకొస్తుంది గాని కొమ్ములు కావు. మా ఒంగోలు గిత్త కొమ్ములు పొట్టివే. ఆ మాటే అంటే, “ఇంట్లో అన్నావు సరే, స్టేడియంలో అనకు మామయ్యా” అని హెచ్చరించాడు మేనల్లుడు.

మొన్న ఆదివారం ఉదయం ఆ స్టేడియం బయటనుంచి చూసి వచ్చాం. పెద్ద రహదారికి తూర్పున ఉన్నది. 1975లో కట్టారు. ఏడువేల పైచిలుకు జనం పడతారు. పేరు డిష్-ఫాక్ మైదానం. బిల్లీ డిష్, బిబ్ ఫాక్ అని పూర్వం ఇక్కడ ఒకరి తర్వాత ఒకరు కుర్రాళ్లకు ఆట నేర్పిన గురువులు. మైదానానికి గురువుల పేర్లు పెట్టారంటే నాబోటి పంతుళ్లకు కాస్త ఛాతీ పొంగుతుంది. అంతకుముందున్న పాత మైదానంలో ఒక మూల సున్నపురాతి గుట్ట ఉండేదట. దానికి మేకపోతు గుట్ట అని పేరు. బంతి అటు పోతే ఫీల్డర్లు నిజంగానే మేకల్లా గుట్టెక్కి పట్టేవారట. కొత్త మైదానంలో గుట్టా లేదు, గడ్డీ లేదు. గడ్డిలాంటి చాప పరిచారు.

ఇక మంగళవారం ఆటకు వద్దాం. చిన్న ఆట అన్నాడే గాని, ప్రశ్నించిన కొద్దీ అంత చిన్నదేమీ కాదని తేలింది. సీజను చివర దేశం మొత్తం మీద 64 జట్లను ఎంచి పెద్ద పోటీకి పంపుతారు. అందులో మిగిలిన ఎనిమిది జట్లు జూన్ నెలలో ఒమాహా నగరంలో తేల్చుకుంటాయి. ఆ ఎంపికలో మంగళవారం ఓటమి కూడా లెక్కకు వస్తుంది. పైగా బలహీనుల చేతిలో ఓడితే మచ్చ ఎక్కువ. ఇంకో సంగతి. మనవాళ్లకిది వారం మధ్య ఆట గాని, పక్క ఊరివాళ్లకు ఇది ఏడాదికొక్కసారి వచ్చే తిరునాళ్ల. పెద్దింటి గుమ్మంలోకి వచ్చి పెద్దింటివాణ్ణి ఓడించి పోతే, ఆ కబురు వాళ్ల ఊళ్లో ఏడాదంతా చెప్పుకోవచ్చు. అలాంటివాళ్ల ఎదుట, ఇంతవరకూ పేరే ప్రకటించని ఒక కుర్రాణ్ణి దిబ్బమీద నిలబెడతారన్నమాట.

ఆ కుర్రాడెవరో మా మేనల్లుడికి ఓ ఊహ ఉన్నది. రసాయనశాస్త్రం క్లాసులో వాడి వెనక బెంచీలో కూర్చునే పొడుగుపాటి పిల్లవాడట. మొదటి సంవత్సరం. నెలన్నర నుంచి ఒక్క ఇన్నింగ్సు, మరోసారి అర ఇన్నింగ్సు తప్ప వేయలేదట. నిన్న క్లాసులో మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడట. “పేరు మాత్రం రాయకు మామయ్యా, దిష్టి తగులుతుంది” అన్నాడు మేనల్లుడు. అమెరికాలో పెరిగినా దిష్టి మరిచిపోలేదు. అది మా అక్కయ్య పెంపకం.

“వేస్తే తొమ్మిది ఇన్నింగ్సులూ వాడేనా?” అని అడిగాను. వాడు నవ్వాడు. మంగళవారాల్లో ఎవరికీ అంత అదృష్టం లేదట. రెండు మూడు ఇన్నింగ్సులు బాగా వేస్తే గొప్ప. ఆ పైన ఇంకొకడు, వాడి తర్వాత ఇంకొకడు, ఒక్కో ఆటకు అరడజనుమంది దాకా వేస్తారు. కుర్రవాడి గురి తప్పుతున్నదా, మొదట కీపరు వంటివాడు దిబ్బ దగ్గరకు నడిచివెళ్లి భుజం తట్టి వస్తాడు. అప్పటికీ కుదురుకోకపోతే పెద్ద కోచే మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, చెయ్యి చాచి, బంతి పుచ్చుకుంటాడు. ఏమీ అనడు. పిల్లవాడు తల వంచుకుని వచ్చి బెంచీమీద కూర్చుంటాడు. ఆ చాచిన చెయ్యి నేను చూడవలసి వస్తుందేమోనని ఇప్పటినుంచే నాకు బెంగగా ఉన్నది.

అయినా ఆ వెనక బెంచీవాడి అవసరం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2009 మే 30న ఇదే మైదానంలో టెక్సాస్ వారూ బోస్టన్ కాలేజీ వారూ ఆడిన ఆట తొమ్మిది ఇన్నింగ్సుల్లో తేలలేదు. పదిలోనూ తేలలేదు. 25 ఇన్నింగ్సులు, 7 గంటల 3 నిమిషాలు సాగి, అర్ధరాత్రి దాటాక 3-2తో టెక్సాస్ గెలిచింది. కళాశాలల ఆటల్లో అంత పొడుగు ఆట అంతకుముందు లేదు. ఆ రాత్రి ఆస్టిన్ వుడ్ అనే కుర్రాడు మధ్యలో వచ్చి ఏకంగా 13 ఇన్నింగ్సులు, 169 బంతులు వేశాడు. అతను ఆట ప్రారంభించే పిచ్చరు కాదు. చివర్లో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్సులు చక్కబెట్టి పోవలసినవాడు. అతని తర్వాత మిగిలిన ఇన్నింగ్సులకు బెంచీమీది ఇతరులు కావలసి వచ్చారు. వాళ్లకు అంతకుముందు ఎప్పుడో కొన్ని చిన్న ఆటల్లో బంతి చేతికిచ్చి ఉండకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో!

ఈ కథ విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. దానికి కారణం ఆట కాదు, నా నోటీసుబోర్డు.

ఎనిమిదేళ్ల క్రితం మా కాలేజీ సాహిత్య సంఘానికి నేనే బాధ్యుణ్ణి. అప్పుడొక విద్యార్థి ఉండేవాడు. పన్నెండు మైళ్ల దూరంలోని పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. వక్తృత్వ పోటీకి ఎప్పుడు పేర్లు అడిగినా లేచి ఇచ్చేవాడు. నేను ప్రతిసారీ, “ఈసారికి కాదురా, వచ్చేసారి చూద్దాం” అనేవాణ్ణి. ఎందుకంటే నా దగ్గర బహుమతులు తెచ్చే కుర్రాడు ఇంకొకడు ఉన్నాడు. కళాశాలల మధ్య పోటీ అంటే పరువు సమస్య. అది శుక్రవారం ఆట. వాణ్ణే పంపాను, వాడు గెలిచాడు. అందుకు నాకిప్పుడూ విచారం లేదు.

విచారం వేరే ఉన్నది. ఆ ఏడు గురజాడవారి జయంతికి మా తరగతి గదిలోనే చిన్న సభ పెట్టాం. పట్టున ముప్ఫైమంది లేరు. బహుమతుల కుర్రాడు ఇంత చిన్న సభకేమి వస్తాడు? రాలేదు. నోటీసులో “ప్రధాన ప్రసంగం: పేరు తర్వాత ప్రకటింపబడును” అని నేనే రాశాను. సమయానికి ఎవరూ తోచక నేనే లేచి నలభై నిమిషాలు ఉపన్యసించాను. బాగానే మాట్లాడానని ఆ రోజు సంతోషించాను కూడా. చివరి సంవత్సరం సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ పల్లెటూరి పిల్లవాడు నమస్కారం పెట్టి, వెళుతూ వెళుతూ, “సార్, గురజాడ జయంతి రోజున నేను సిద్ధపడి వచ్చానండీ. మీరు పిలుస్తారేమోనని మొదటి బెంచీలో కూర్చున్నాను” అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. ఏదో జ్ఞాపకం చెప్పినట్టు అన్నాడు. నేనేమి జవాబు చెప్పానో నాకు గుర్తు లేదు. చెప్పి ఉండను.

పెద్ద పోటీకి వాణ్ణి పంపకపోవడం తప్పు కాదు. ఆ చిన్న సభ వాడిది. దాన్ని నేను తినేశాను. నా చేతికి బంతి అవసరం లేదు, అయినా పుచ్చుకున్నాను.

అంచేత మంగళవారం నేను స్టేడియానికి కాస్త ముందుగానే వెళతాను. మేనల్లుడు ఏమేమి గమనించాలో చెప్పాడు. మొదటి ఇన్నింగ్సులో కుర్రాడి మొదటి బంతి గురిలో పడుతున్నదా లేదా చూడాలట. కొత్తవాళ్లను కొట్టేవాడి కంటె గురితప్పిన నాలుగు బంతులే ఎక్కువ దెబ్బతీస్తాయట. చెవి కూడా ఒగ్గి వినాలట. వృత్తి ఆటగాళ్లది కర్ర బ్యాటు గాని, కళాశాలల్లో 1974 నుంచీ అల్యూమినియం బ్యాట్లు వచ్చాయి. తగిలితే గుడిగంటలా ఖంగుమంటుంది. ఏడో ఇన్నింగ్సు మధ్యలో జనమంతా లేచి ఒళ్లు విరుచుకుంటారట. అది మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. మధ్యాహ్నం రెండు గంటల తెలుగు క్లాసులో మా విద్యార్థులు రోజూ చేసే పనే.

ఈ పత్రిక మీ చేతికి అందేసరికి ఆట ముగిసిపోయి ఉంటుంది. ఎవరు గెలిచారన్నది మీకూ నాకూ పెద్ద సంగతి కాదు. కాని పట్టికలో ఆ ఖాళీ నిండుతుంది. అందులో ఎవరో ఒకరి పేరు పడుతుంది. వెనక బెంచీ పొడుగుపాటి కుర్రాడిదే పడాలని మా మేనల్లుడు కోరుకుంటున్నాడు. నేనూ కోరుకుంటున్నాను. అక్కయ్య ఎందుకైనా మంచిదని శనివారం ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంది.

నేను ఊరు చేరి, కాలేజీ తెరిచాక చెయ్యవలసిన పని ఒకటున్నది. నెలకొకసారి, మంగళవారం నాడే, మా తరగతి గదిలో ఓ చిన్న సభ పెడతాను. బహుమతులుండవు, ముఖ్య అతిథి ఉండడు. నోటీసులో ప్రసంగించేవారి పేరు దగ్గర ఖాళీ వదిలిపెడతాను. ఆ ఖాళీలో నా పేరు మాత్రం ఎన్నడూ రాసుకోను.