మందు సరే... వేళ్ల మాటేమిటి?

‘అత్తయ్యా, మందు పీల్చుకున్నారా?’

‘ఆఁ... పీల్చుకున్నానమ్మా!’

ఆస్తమా, సీఓపీడీ ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో పొద్దునా, రాత్రీ వినిపించే మాటలివి. అడిగేవారికి శ్రద్ధ ఉంది. చెప్పేవారు అబద్ధం ఆడటం లేదు. అయినా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పడుకుంటే పిల్లికూతలు. డాక్టరు దగ్గరికి వెళితే మోతాదు పెరుగుతుంది. ఇంకో మందు వచ్చి చేరుతుంది. దాంతోపాటు నెల ఖర్చూ పెరుగుతుంది. ఇంత జరిగినా చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ ఇన్‌హేలర్ పట్టుకున్న చెయ్యి!

కీళ్లవాతంతో వేళ్లు వంకర తిరిగి ఉండొచ్చు. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయి ఉండొచ్చు. పార్కిన్సన్స్‌తో చెయ్యి వణకవచ్చు. వయసు మీద పడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయి ఉండొచ్చు. అలాంటి చేతికి ఎంత ఖరీదైన ఇన్‌హేలర్ ఇచ్చినా మందు డబ్బాలోనే ఉండిపోతుంది. ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. చీటీలో మందు పేరు రాసేది డాక్టరే. ఆ మందు ఏ పరికరంలో ఉండాలో నిర్ణయించేటప్పుడు మాత్రం రోగి చెయ్యిని కూడా చూడాలి.

పదమూడేళ్ల పాప అడిగితే...

ఇప్పుడు అందరికీ తెలిసిన ‘నొక్కే’ ఇన్‌హేలర్ వెనక ఒక చిన్న కథ ఉంది. అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి జార్జ్ మైసన్ అధిపతి. ఆయన పదమూడేళ్ల కూతురికి ఆస్తమా. అప్పట్లో గాజు నెబ్యులైజర్‌కు తగిలించిన రబ్బరు బుడ్డిని పదేపదే పిసికి మందు పీల్చాల్సి వచ్చేది. 1955లో ఆ పాప, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా మా మందు కూడా డబ్బాలో ఎందుకు రాదని తండ్రిని అడిగింది. మరుసటి ఏడాదికల్లా, అంటే 1956లో, ఆ డబ్బా మార్కెట్లోకి వచ్చేసింది.

ఇన్నేళ్లు గడిచినా దాని రూపం పెద్దగా మారలేదు. ఎల్ ఆకారంలో ప్లాస్టిక్ తొడుగు, అందులో చిన్న లోహపు డబ్బా. నొక్కితే కొలత ప్రకారం మందు తుంపర్లుగా వస్తుంది. పదమూడేళ్ల చేతికి అది బ్రహ్మాండంగా సరిపోయింది. డెబ్బై మూడేళ్ల చేతికీ సరిపోవాలని ఎక్కడుంది?

ఒక్కోదానికీ ఒక్కో పని

ఇన్‌హేలర్లన్నీ పైకి ఒకేలా కనిపించినా చేతితో చేయించే పని వేరు, ఊపిరితో చేయించే పని వేరు.

నొక్కే రకానికి (ఎండీఐ) వేలి బలం కావాలి. డబ్బాను అడుగుదాకా దించాలంటే రమారమి మూడు, నాలుగు కిలోల బరువుతో అదిమినంత ఒత్తిడి పెట్టాలి. సగం నొక్కితే సగం మందు వస్తుందనుకుంటే పొరపాటు. లోపలి కవాటం పూర్తిగా దిగితేనే మందు బయటికొస్తుంది. పైగా నొక్కడం, పీల్చడం రెండూ ఒకేసారి జరగాలి. పీల్చడం మాత్రం నెమ్మదిగా, లోతుగా ఉండాలి. నొప్పితో వేలు ఆలస్యంగా దిగితే ఈలోగా పీల్చడం అయిపోతుంది. మందు నాలుక మీదే పడుతుంది.

పొడి మందు రకాల్లో (డీపీఐ) నొక్కే పని ఉండదు. రోగి గట్టిగా, వేగంగా పీలిస్తే ఆ ఊపుకే పొడి లోపలికి వెళుతుంది. ఇలాంటి తొలి పరికరాల్లో ఒకటైన స్పిన్‌హేలర్‌ను 1960లలో రూపొందించిన రోజర్ ఆల్టూన్యన్ స్వయంగా ఆస్తమా రోగి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన మనిషి. విమానం ముందుండే పంకాలాగే అందులో చిన్న రెక్కలు తిరిగి పొడిని చెదరగొట్టేలా తయారు చేశారు.

మన ఇళ్లలో బాగా కనిపించే రోటాహేలర్ కూడా పొడి మందు రకమే. పరికరం చవక. కానీ పని వేళ్ల కొసలది. సీసాలోంచి ఒక్క క్యాప్సూల్‌నే తియ్యాలి. చెయ్యి తడిగా ఉండకూడదు. దాన్ని రంధ్రంలో నిలువుగా దోపాలి. ఒక చేత్తో పైభాగం పట్టుకుని, రెండో చేత్తో కిందిభాగం తిప్పాలి. వణికే చేతికి, మొద్దుబారిన వేలికి ఇది సూదిలో దారం ఎక్కించడంతో సమానం. ఈ బాధ పడలేక క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవారూ ఉన్నారు. అలా మింగితే అది ఊపిరితిత్తులకు చేరదు.

క్యాప్సూల్ అక్కర్లేకుండా నెలకు సరిపడా మందు లోపలే ఉండే పొడి ఇన్‌హేలర్లూ ఉన్నాయి. కొన్నిటిలో బొటనవేలితో మీట జరపాలి. కొన్నిటిలో అడుగుభాగం తిప్పాలి. క్యాప్సూల్ దోపడం కంటే ఇవి తేలికే. అయితే తిప్పేవాటికి దాదాపుగా రెండు చేతులూ కావాలి.

ఇవి కాక, ఊపిరి తీయగానే తనంతట తానే మందు వదిలే రకం ఒకటుంది. కొన్నిటిలో మూత తెరిస్తే స్ప్రింగ్ సిద్ధమవుతుంది. మరికొన్నిటిలో పైనున్న మీట ఎత్తాలి. ఆ తర్వాత పీలిస్తే చాలు. నొక్కే బలం లేనివారికి, సమయం కుదరక ఇబ్బంది పడేవారికి ఇది మంచి దారి. కాకపోతే అన్ని మందులూ ఇందులో దొరకవు. ఆ మీట ఎత్తడం, మూత తెరవడం రోగికి చేతనవుతుందో లేదో ముందే చూసుకోవాలి.

నమస్కారం పెట్టించి చూడండి

పెద్దవాళ్లు తమ చేతి కష్టం ఒక పట్టాన చెప్పరు. ‘ఏదో తీసుకుంటున్నాంలే’ అంటారు. అందుకే ఇంట్లోవాళ్లే గమనించాలి.

దీర్ఘకాలంగా మధుమేహం ఉన్న కొందరికి వేళ్లు బిగుసుకుపోతాయి. నమస్కారం పెట్టమంటే రెండు చేతుల వేళ్లూ పూర్తిగా ఆనవు, మధ్యలో సందు మిగులుతుంది. డాక్టర్లు చూసే గుర్తుల్లో ఇదీ ఒకటి. స్పర్శ తగ్గితే చేతిలో క్యాప్సూల్ ఉందో, జారిపోయిందో కూడా తెలియదు. ఇలాంటివారికి చిన్న క్యాప్సూళ్లతో పని పెట్టకపోవడమే మేలు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంటే పొద్దున లేవగానే వేళ్లు కట్టె బారి ఉంటాయి. గంట దాటినా వదలకపోవచ్చు. సాయంత్రం చక్కగా నొక్కగలిగిన మనిషే ఉదయం నొక్కలేకపోవచ్చు. కాబట్టి పరీక్ష పొద్దున్నే చేయాలి. ఒక చేత్తో కష్టమైతే రెండు చేతులతో ప్రయత్నించవచ్చు. రెండు చూపుడువేళ్లూ డబ్బా పైన, రెండు బొటనవేళ్లూ అడుగున. ఇన్‌హేలర్‌కు తొడిగి, కొనవేలితో కాకుండా మొత్తం పిడికిలితో పిసికే సాధనాలూ ఉన్నాయి. ఇవి అన్ని డబ్బాలకూ సరిపోవు. కొనేముందు ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లాలి.

పక్షవాతం వచ్చినవారికి తిప్పేవీ, దోపేవీ దాదాపు అసాధ్యం. మూతి ఒక పక్కకు లాగేస్తే పెదవులు గట్టిగా మూతపడవు. పక్కనుంచి గాలి పోతుంది. వీరికి మాస్కు ఉన్న స్పేసర్ అక్కరకొస్తుంది.

గొట్టమే పెద్ద దిక్కు!

నొక్కే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టమే స్పేసర్. వదిలిన మందు కాసేపు అందులో నిలుస్తుంది. నొక్కిన క్షణానే పీల్చాలన్న తొందర ఉండదు. అన్నిటికీ మించి, నొక్కే పని ఒకరు, పీల్చే పని మరొకరు చేయవచ్చు! కోడలో, మనవడో నొక్కితే పెద్దావిడ తన మానాన తాను గాలి పీల్చుకుంటుంది. ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే వదలాలి. లోతుగా పీల్చలేనివారు మామూలుగా అయిదారుసార్లు ఊపిరి తీసినా సరిపోతుంది.

స్పేసర్ చిన్నపిల్లలకే అనే అపోహ చాలామందిలో ఉంది. కొన్ని వందల రూపాయల్లో దొరికే ఈ గొట్టం చేతి పట్టు తగ్గిన పెద్దలకూ ఎంతో ఆసరా. అది కూడా అందని ఆఫ్రికా పేద కుటుంబాల కోసం కేప్‌టౌన్ వైద్యులు అరలీటరు ప్లాస్టిక్ సీసాతో స్పేసర్ చేసి పిల్లల మీద పరీక్షించారు. తీవ్రమైన ఆయాసంలో అది మామూలు స్పేసర్‌కు తీసిపోలేదని 1999లో ప్రకటించారు.

స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి, గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో రుద్ది తుడిస్తే ప్లాస్టిక్‌లో విద్యుదావేశం పుట్టి మందును గోడలకే అంటించుకుంటుంది.

‘ఇవన్నీ ఎందుకు, నెబ్యులైజర్ కొనేస్తే పోలా?’ అనుకునేవారూ ఉన్నారు. దాంతో నొక్కే బాధ, కలిపి పీల్చే బాధ లేనిమాట నిజమే. కానీ మందు గొట్టం మూతను వేళ్లతో మెలితిప్పి తుంచాలి. కప్పులో పొయ్యాలి. వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. పది, పదిహేను నిమిషాలు కూర్చోవాలి. బ్యాటరీ రకం కాకపోతే కరెంటూ ఉండాలి. ప్రాణాపాయం లేని ఆస్తమా ఆయాసంలో స్పేసర్‌తో ఇచ్చే పఫ్‌లు నెబ్యులైజర్‌కు తీసిపోవని పరిశోధనల్లో తేలింది.

అర్ధరాత్రి పరీక్ష

ఎంపికలో అసలు మెలిక ఇక్కడుంది. ఉబ్బసానికి వాడే మందులు సాధారణంగా రెండు రకాలు. ఆయాసం రాకుండా రోజూ వాడే ప్రివెంటర్ ఒకటి. వచ్చినప్పుడు వెంటనే ఉపశమనమిచ్చే రిలీవర్ రెండోది. ప్రివెంటర్‌కు వేళ ఉంటుంది. కొడుకు ఆఫీసుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఇవ్వొచ్చు. రిలీవర్‌కు వేళాపాళా ఉండదు. అది రాత్రి రెండింటికి కావాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటే, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లికి మధ్యాహ్నం పూట కావాలి. ఊపిరి అందక, కంగారులో, చేతులు మరింత వణుకుతున్న సమయంలో కావాలి.

కాబట్టి ప్రివెంటర్ విషయంలో ఇంకొకరి సాయం మీద ఆధారపడినా ఫర్వాలేదు. రిలీవర్ మాత్రం రోగి ఒక్కరే, తన చేత్తో, చీకట్లోనైనా వాడుకోగలిగేదై ఉండాలి. స్పేసర్‌ను తగిలించి మంచం పక్కనే సిద్ధంగా ఉంచడం, మూత తేలికగా వచ్చేలా చూడటం, రెండు ఇన్‌హేలర్ల మీదా గుర్తుపట్టేలా వేర్వేరు రంగుల టేపు అంటించడం చిన్న పనులే. ఆ ఘడియలో ప్రాణం నిలబెట్టేవి అవే.

వీలైనంతవరకు రెండు మందులూ ఒకే తరహా పరికరంలో ఉండేలా డాక్టరును అడగాలి. ఒకటి నెమ్మదిగా పీల్చేది, ఇంకొకటి గట్టిగా పీల్చేది అయితే పెద్దవాళ్లు తికమక పడతారు. మందుల షాపులో ‘అదే మందు, వేరే పరికరం’ ఇస్తానంటే సరేనని తెచ్చుకోవద్దు. పరికరం మారితే వాడే పద్ధతి మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

ఈసారి ఆసుపత్రికి వెళితే...

* ఇంట్లో వాడుతున్న ఇన్‌హేలర్లు, స్పేసర్ అన్నీ సంచిలో వేసుకెళ్లండి. డాక్టరు ముందు రోగి చేతే ఒకసారి వాడించండి. మీరు మధ్యలో సాయం చేయొద్దు.

* కొత్త పరికరం రాస్తే, కొనేముందే ఖాళీ నమూనా ఇచ్చి ప్రయత్నించనివ్వమని అడగండి. చూపించింది చూడటంతో సరిపెట్టకుండా, రోగి తిరిగి చేసి చూపించాలి.

* వేళ్ల నొప్పి, వణుకు, తిమ్మిరి ఉంటే ఛాతీ డాక్టరుకు ఆ సంగతి విడిగా చెప్పండి. కీళ్ల డాక్టరు చీటీ, షుగరు చీటీ కూడా వెంట ఉండాలి.

* గట్టిగా పీల్చే బలం ఉందో లేదో పరీక్షించమనండి. వేళ్లు బాగున్నా ఊపిరి చాలకపోతే పొడి మందు పనిచేయదు.

* మందు ఎన్ని మోతాదులు మిగిలిందో అంకెల్లో చూపే డబ్బా దొరికితే అదే తీసుకోండి.

* స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వచ్చే అవకాశముంది.

* డాక్టరును అడగకుండా పరికరం మార్చొద్దు, మోతాదు పెంచొద్దు. రిలీవర్ వాడినా ఆయాసం తగ్గక, పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఇవన్నీ గుర్తుండకపోయినా డాక్టరు చీటీ రాస్తున్నప్పుడు ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోవద్దు. ‘ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ దీన్ని తన చేత్తో తాను తీసుకోగలదా?’