ఒక్క అంకె మార్చవా అన్నయ్యా?

శనివారం పొద్దున్నే నరసాపురం రేవులో నిలబడ్డాను. రైలు దిగి ఆటోలో వచ్చేసరికి పంటు అవతలి ఒడ్డున, అంటే మా సఖినేటిపల్లి వైపు ఉంది. అది తిరిగి వచ్చేదాకా చేసేదేముంది? ఫోన్ తీశాను. వాట్సాప్‌లో మా వీధి పిల్ల మెసేజ్. వరసకి చెల్లెలు. ఒక పీడీఎఫ్, కింద రెండు ముక్కలు.

"అన్నయ్యా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా. ఇందులో ఒక్క అంకె మార్చవా?"

తెరిచి చూస్తే పుట్టినరోజు కాగితం. 1999లో మూడో అంకె తొమ్మిదిని ఎనిమిది చెయ్యాలంట. అంతే, ఇరవయ్యారేళ్ళ పిల్లకి ముప్ఫయ్యారు వచ్చేస్తాయి. 'ఆదిత్య 369'లో టైమ్ మెషిన్ జనాన్ని రాయలవారి కాలానికి తీసుకెళ్ళింది. నా చెల్లెలికి అంత దూరం అక్కర్లేదు, పదేళ్ళు చాలు.

ఎందుకో నాకు తెలుసు. మా కోనసీమలో పుట్టినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసింది. పది పాసవ్వనివాళ్ళకి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని పడుతుంది. ఆ పాస్‌పోర్ట్‌తో కువైట్ లాంటి దేశాల్లో ఇంటిపనికి వెళ్ళాలంటే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. చిన్న వయసు పిల్లలు మోసపోకూడదని పెట్టిన రూలు. మంచిదే. కానీ అప్పులవాడు 30 నిండేదాకా ఆగడు కదా! అందుకే ఏజెంట్ "వయసు సంగతి నేను చూసుకుంటానమ్మా" అంటాడు.

కాలాన్ని ఇటూ అటూ జరిపే మంత్రం ఎవరికుండాలి? దిక్కులేక ఆశ్రయం వెతుక్కునేవాళ్ళకి ఉండాలి. మన పురాణంలో ఆ కథ ఉంది. మార్కండేయుడికి పదహారేళ్ళే ఆయుష్షు. గడువు తీరిన రోజు యముడు పాశం పట్టుకుని వచ్చాడు. పిల్లాడు పారిపోలేదు, యుద్ధం చెయ్యలేదు. శివలింగాన్ని కావలించుకుని శరణన్నాడు, అంతే. శివుడు యముణ్ణే ఆపేశాడు. మన భాషలో కాలం అంటే టైమూ, కాలుడంటే యముడూ. కాబట్టి శివుడు ఆపింది ఇద్దర్నీ. మార్కండేయుడు ఎప్పటికీ పదహారేళ్ళవాడిగానే ఉండిపోయాడు. రాజమండ్రిలో గోదారి ఒడ్డున ఆయన పేరుతో గుడి ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ తీసుకెళ్ళినప్పుడు నాకిది దెయ్యాల కథలాగే అనిపించింది. ఇప్పుడు చూస్తే ఒక మైనర్ శరణార్థి కేసులా ఉంది.

నవ్వకండి. అలాంటి కేసు నిజంగానే ఉంది.

ఎరిత్రియా అని ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. అక్కణ్ణుంచి ఒక అమ్మాయి ఒంటరిగా నెదర్లాండ్స్ చేరింది. 2014 ఫిబ్రవరి 26న ఆశ్రయం కోరింది. అప్పటికి ఆమె మైనర్. కేసు నడుస్తుండగానే జూన్ 2న 18 నిండాయి. అక్టోబర్ 21న ఆశ్రయం మంజూరైంది. డిసెంబర్‌లో అమ్మానాన్నల్నీ తమ్ముళ్ళనీ రప్పించుకోవడానికి అర్జీ పెట్టారు. ఒంటరిగా వచ్చిన మైనర్ శరణార్థికి తల్లిదండ్రుల్ని పిలిపించుకునే హక్కు అక్కడ ఉంది. కానీ అధికారులు కుదరదన్నారు. ఎందుకు? "నువ్విప్పుడు మైనర్‌వి కావు."

చూడండి తమాషా. ఆఫీసులో ఫైలు నెమ్మదిగా కదిలింది, ఆ పిల్ల వయసు మాత్రం తన మానాన తను కదిలింది. వాళ్ళ ఆలస్యానికి శిక్ష ఈ పిల్లకి.

కేసు లక్సెంబర్గ్‌లో ఉన్న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2018 ఏప్రిల్ 12న తీర్పు వచ్చింది. ఆశ్రయం కోరిన రోజున 18 నిండకపోతే, తర్వాత నిండినా సరే, ఈ హక్కు విషయంలో మైనర్‌గానే లెక్క. అయితే ఆశ్రయం దొరికాక మామూలుగా మూడు నెలల్లోపు కుటుంబం కోసం అర్జీ పెట్టుకోవాలి. అంటే శరణు అన్న క్షణంలో వయసు ఆగిపోయింది! అమెరికాలోనూ 2002లో ఇలాంటి చట్టమే చేశారు. తల్లో తండ్రో ఆశ్రయం కోసం దరఖాస్తు చేసిన రోజున పిల్లలకి 21 నిండకపోతే, ఫైలు ఎన్నేళ్ళు నలిగినా ఆ పిల్లల వయసు లెక్కలో అక్కడే ఆగుతుంది. మా భాషలో చెప్పాలంటే, టైమ్‌స్టాంప్ లాక్ చేశారు.

అందరికీ ఈ అదృష్టం ఉండదు. యుద్ధాల్లోంచి పారిపోయి వచ్చే పిల్లల్లో చాలామందికి బర్త్ సర్టిఫికెట్ ఉండదు. పుట్టినరోజు తెలియకపోతే జనవరి 1 అని రాసేస్తారు. మన ఊళ్ళో బళ్ళో వేసేటప్పుడు మాస్టారు జూన్ 1 అని రాసేసినట్టే. వయసు మీద అనుమానమొస్తే చేతి మణికట్టుకి ఎక్స్‌రే తీసి, ఎముకల్ని ఒక అట్లాస్‌లోని బొమ్మలతో పోల్చే పద్ధతి ఒకటుంది. ఆ అట్లాస్ 1950లో అచ్చయింది. అందులోని ఎముకలు అమెరికాలో క్లీవ్‌లాండ్ పిల్లలవి. ఎక్కడి ఎరిత్రియా, ఎక్కడి క్లీవ్‌లాండ్! ఏడాదీ రెండేళ్ళూ ఇటూ అటూ రావడం మామూలే. ఆ తేడాలోనే పిల్లల వసతి గృహమా, పెద్దల క్యాంపా అన్నది తేలిపోతుంది.

ఇదంతా మా చెల్లెలికి ఎందుకు చెప్పాలి? తను శరణార్థి కాదు, పనికి వెళ్తోంది. కానీ మా పిన్ని కథ నాకు తెలుసు కాబట్టి చెప్పాలి.

నేను ఏడో తరగతిలో ఉండగా పిన్ని కువైట్ వెళ్ళింది. అసలు వయసు 25. ఏజెంట్ దయవల్ల పాస్‌పోర్ట్‌లో 32. రెండేళ్ళు బాగానే డబ్బులొచ్చాయి. తర్వాత మారిన ఇంట్లో జీతం ఆపేశారు, కొట్టారు. ఒక రాత్రి కట్టుబట్టలతో బయటపడి మన ఎంబసీ షెల్టర్‌కి చేరింది. అక్కడ కడుపునిండా తిండి పెట్టి నీడ ఇచ్చారు. పాస్‌పోర్ట్ యజమాని దగ్గరే ఉండిపోయింది కాబట్టి అవుట్‌పాస్ కావాలి. దానికి ఊరి నుంచి రేషన్ కార్డు పంపాం. అందులో ఒక వయసు, అక్కడ ఇంకొకటి. ఈ పేరు గల ఈ మనిషి ఆ మనిషేనా? అది తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

పిన్ని తిరిగొచ్చేసరికి వాళ్ళబ్బాయికి ఐదేళ్ళు. "ఆంటీ ఎవరమ్మా?" అని మా అమ్మనడిగాడు.

ఇప్పటికీ పిన్ని జోకులేస్తుంది, "ఏడేళ్ళు ముందే ముసలిదాన్నయిపోయానురా, పింఛను ముందొస్తుందేమో కనుక్కో" అని. మేం నవ్వుతాం. తను కూడా నవ్వి, వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ ఎరిత్రియా అమ్మాయికీ మా పిన్నికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ అమ్మాయి తన అసలు తేదీని పట్టుకుని నిలబడింది, చట్టం వచ్చి కాలాన్ని ఆపింది. మా పిన్ని తేదీని ఏజెంట్ చేతిలో పెట్టింది. ఆపద వచ్చిన రోజున "ఇది నేనే" అని చెప్పుకోవడానికి ఆ తేదీ పనికిరాలేదు. శరణు కోరేవాడికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి, తను ఎవరో నిజంగా చెప్పగలగడం.

పంటు వచ్చింది. బైకులు, కొబ్బరికాయల ఆటో, నేను ఎక్కాం. గోదారి మధ్యలో సిగ్నల్ పోకముందే టైప్ చేశాను.

"అమ్మలూ, మార్చను. దొంగ వివరాలతో పాస్‌పోర్ట్ తీస్తే కేసవుతుంది, అది చిన్న సంగతి. అక్కడ నీకేమన్నా అయితే నువ్వెవరో నువ్వే నిరూపించుకోలేవు. అది పెద్ద సంగతి. ఓపెన్ స్కూల్లో పది కట్టు. పాసైతే ఈసీఆర్ పోతుంది, ముప్ఫయ్యేళ్ళ రూలు నీకు అడ్డురాదు. కాకపోతే అప్పుడు ప్రభుత్వం క్లియరెన్స్ కూడా ఉండదు, కాబట్టి ఏజెంట్‌కి లైసెన్సుందో లేదో ఈమైగ్రేట్ సైట్‌లో మనమే చూసుకోవాలి. అప్పు సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం, ఇంటికి రా."

బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. సాయంత్రమూ రాలేదు. నాకు భయమేసింది. ఊళ్ళో పీడీఎఫ్ ఎడిట్ చేసేవాణ్ణి నేనొక్కణ్ణే కాదుగా.

ఆదివారం మధ్యాహ్నం, నేను బ్యాగ్ సర్దుకుంటుంటే మెసేజ్ వచ్చింది.

"లెక్కలు నువ్వే చెప్పాలి మరి. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్. నీకు మీటింగులున్నాయంటే ఊరుకోను."