రక్తం చూడకుండా మందు కొనకండి



మన గ్రూపులో జీతం గురించి, ఇఖామా గురించి రోజూ అడుగుతాం. షుగర్, బీపీ గురించి కూడా అడుగుతాం. ఒక్క సంగతి మాత్రం ఎవ్వరూ అడగరు. రెండేళ్ళ తర్వాత చుట్టీ దగ్గర పడుతుంటే, ఇంటికెళ్ళాక భార్య దగ్గర నావల్ల అవుతుందా అనే భయం. ఆ భయంతోనే చాటుగా తేనె ప్యాకెట్లు, మాత్రలు, ఇంజెక్షన్లు కొంటున్నారు. నేను చెప్పేది ఒక్కటే. ఇది మగతనం సంగతి కాదు, రక్తపరీక్షలో తేలే సంగతి. పరీక్ష లేకుండా మందు ముట్టుకోవద్దు.

టెస్టోస్టెరాన్ అనేది మగవాళ్ళ ఒంట్లో వృషణాల్లో తయారయ్యే హార్మోన్. కోరిక, కండబలం, ఎముకల గట్టిదనం, వీర్యకణాల తయారీ దీని మీద ఆధారపడి ఉంటాయి. అది బాగా తగ్గితే కోరిక తగ్గుతుంది, తెల్లవారుజామున రావాల్సిన గట్టిదనం రాదు, గడ్డం, ఒంటి మీద వెంట్రుకలు పలచబడతాయి, కండ కరుగుతుంది, మనసు దిగులుగా ఉంటుంది.

నీరసం ఒక్కటే ఉంటే మాత్రం ఇదే అని తేల్చుకోకండి. షుగర్, థైరాయిడ్, రక్తం తక్కువ కావడం, దిగులు, వీటన్నిటికీ నీరసం ఉంటుంది. గట్టిదనం తగ్గడం ఒక్కోసారి గుండె రక్తనాళాల జబ్బుకు ముందు సూచన కూడా. అందుకే డాక్టర్‌కు చూపించుకోవాలి.

మన బతుకులోనే దీన్ని తగ్గించేవి ఉన్నాయి. మొదటిది నిద్ర. 2011లో అమెరికాలోని చికాగో యూనివర్సిటీ వాళ్ళు 10 మంది కుర్రాళ్ళను వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చి చూశారు. పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. ఓవర్ టైమ్ చేసి, అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, నాలుగింటికి లేచే మనకు వేరే లెక్క ఉంటుందా? రెండోది పొట్ట, షుగర్. మూడోది ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు. అవి హార్మోన్‌ను తగ్గిస్తాయి. పైగా చీటీ లేకుండా సౌదీలో దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ. అందుకే పరగడుపున, పొద్దున 7 నుంచి 10 లోపు రక్తం ఇవ్వాలి. నైట్ డ్యూటీ వాళ్ళు నిద్ర లేచిన కాసేపటికి ఇవ్వాలి. జ్వరం ఉన్నప్పుడు ఇవ్వకూడదు. ఒక్కసారి తక్కువ వస్తే చాలదు, ఇంకో రోజు మళ్ళీ చూడాలి. మనవాళ్ళు డ్యూటీ అయ్యాక రాత్రి షరఫియా వైపు క్లినిక్‌కు వెళ్ళి రక్తం ఇస్తారు. తక్కువ వచ్చిందని గాభరా పడతారు. ఆ కాగితం చూసి ఇంజెక్షన్ వేయించుకుంటే, అక్కర్లేని మందు ఒంట్లోకి పోయినట్టే.

అమెరికా యూరాలజీ డాక్టర్ల లెక్కలో డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువైతే తక్కువ కింద లెక్క. కొన్ని ల్యాబులు నానోమోల్ లెక్కలో ఇస్తాయి. అందులో 300 అంటే దాదాపు 10.4. కాబట్టి కాగితం మీద 14 అని చూసి భయపడొద్దు. లక్షణాలూ ఉండి, రెండు పరీక్షలూ తక్కువ వస్తేనే డాక్టర్ కారణం వెతికి మందు రాస్తారు.

ఆ మందు జెల్‌గా, ఇంజెక్షన్‌గా దొరుకుతుంది. అవసరమైనవాళ్ళకు బాగా పని చేస్తుంది. కానీ ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బయటి నుంచి హార్మోన్ ఇస్తే ఒళ్ళు తన సొంత తయారీ ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి, వాళ్ళకు వేరే మందులున్నాయి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ వేసుకుని చుట్టీకి వెళ్ళి, పిల్లలు కాలేదని ఊళ్ళో ఆ ఆడపిల్లను మాటలనిపించడం ఏం న్యాయం? ఈ మందుతో రక్తం చిక్కబడే ప్రమాదం కూడా ఉంది, మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇక తేనె ప్యాకెట్లు. మగవాళ్ళ శక్తికని అమ్మే కొన్ని తేనెల్లో చెప్పకుండా వయాగ్రా రకం మందులు కలుపుతున్నారని 2022లో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్ళు అది తింటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మన ఊళ్ళలో బస్టాండు గోడల మీద రాసే మగతనం మందుల ప్రకటనలకు 1954 నాటి చట్టమే అడ్డు చెప్పింది. అయినా ఆ వ్యాపారం ఆగలేదు. ఎందుకంటే వాళ్ళు అమ్మేది మందు కాదు, మన సిగ్గును.

సౌదీలో ప్రైవేటు కంపెనీ కార్మికుడికి ఇన్సూరెన్స్ చేయించే బాధ్యత యజమానిది. ఇఖామా పట్టుకెళ్ళి, ఈ పరీక్ష మీ పాలసీలోకి వస్తుందో లేదో కౌంటర్‌లో ముందే అడగండి. సలహాకు ఆరోగ్యశాఖ నంబరు 937 ఉంది.

చివరిగా నాలాంటి సూపర్‌వైజర్లకు ఒక మాట. ఎవరైనా పొద్దున రెండు గంటలు హాస్పిటల్‌కు పర్మిషన్ అడిగితే, ఏం రోగమని పదిమందిలో అడగకండి. పంపించండి. వెళ్ళొచ్చినవాణ్ణి రూములో ఎగతాళి చేయకండి. షుగర్ చూపించుకుని వచ్చినవాణ్ణి నవ్వుతామా? ఇదీ అంతే.