గోడ మీద ఎవరి పేరు?

విగ్రహం పెడితే గొడవ రావడం మనకి కొత్తేమీ కాదు. 2025 మే నెలలో ఉత్తర ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో బాబీ శాండ్స్ విగ్రహం పెట్టినప్పుడూ అదే జరిగింది. 1921లో ఐర్లాండు రెండు ముక్కలై ఉత్తరభాగం బ్రిటన్ కిందే ఉండిపోయింది కదా, దాన్ని మళ్లీ కలపాలని ఆయుధం పట్టిన ఐ.ఆర్.ఏ.లో శాండ్స్ ఒకడు. 1981లో జైల్లో 66 రోజులు నిరాహారదీక్ష చేసి 27 ఏళ్లకే ప్రాణం వదిలాడు. దీక్షలో ఉండగానే జనం ఓట్లేసి బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నుకున్నారు. అతని వెనకే మరో తొమ్మిదిమంది పోయారు. రిపబ్లికన్లకి వాళ్లు అమరవీరులు. ఐ.ఆర్.ఏ. బాంబులకి అయినవాళ్లని పోగొట్టుకున్న ఇళ్లలో ఆ మాటంటే ఒళ్లు మండుతుంది. అనుమతి లేకుండా విగ్రహం పెట్టారన్నది పైకి కనిపించే తగాదా మాత్రమే.

నన్ను మాత్రం అదే ఊరి మనిషి, జీన్ మక్‌కాన్‌విల్ వదలడం లేదు. ఇంచుమించు నా ఈడుదే. భర్త పోయాడు, పదిమంది పిల్లలు. 1972 డిసెంబరులో ఐ.ఆర్.ఏ. వాళ్లు ఇంట్లోంచి పట్టుకుపోయారు. ఇన్‌ఫార్మర్ అని నింద. అలాంటి ఆధారమేదీ లేదని 2006లో పోలీసు అంబుడ్స్‌మన్ చెప్పారు. చంపామని వాళ్లు 1999లో గానీ ఒప్పుకోలేదు. 2003లో సముద్రపుటొడ్డున శవం దొరికింది. అన్నేళ్లూ ఆ పిల్లలు అమ్మ పోయిందని ఏడవాలా, వస్తుందని ఎదురుచూడాలా?

పోనీ, చచ్చిపోయిన వాళ్లందర్నీ ఒకేచోట తలుచుకుంటే సరి కదా అంటారా? డబ్లిన్‌లో ఆ పనీ చేసి చూశారు. బ్రిటిష్ పాలన మీద 1916 ఈస్టర్‌లో జరిగిన తిరుగుబాటుకి వందేళ్లు నిండాయని, 2016లో గ్లాస్నెవిన్ శ్మశానంలో ఒక గోడ కట్టారు. తిరుగుబాటుదారులు, బ్రిటిష్ సైనికులు, మామూలు జనం, అందరి పేర్లూ కలిపి చెక్కారు. మొదటిరోజే నిరసన. 2017లో రంగు పోశారు. 2020లో సుత్తితో కొట్టారు. 2022లో ఇక ఆ గోడ వద్దని నిర్వాహకులే నిర్ణయించుకున్నారు.

ఆ కోపం నాకు అర్థం కాకపోలేదు. కొడుకు పేరు పక్కనే వాణ్ణి కాల్చినవాడి పేరూ ఉంటే ఏ తల్లి చూడగలదు? కానీ ఆ వారంలో పోయినవాళ్లలో సగానికి పైగా మామూలు జనమే. పిల్లలే 40 మంది! వీధిలో ఉన్న పాపానికి పోయారు. వాళ్లు ఏ పక్షమనీ? ఆ గోడ మీదైనా వాళ్ల పేర్లుండాలనే నేనంటాను.

తమవాళ్లనైనా అందర్నీ తలుచుకున్నారా అంటే అదీ లేదు. లొంగిపోతామన్న కబురు తెల్లజెండాతో, తుపాకుల మధ్య నుంచి మోసుకెళ్లింది ఎలిజబెత్ ఓఫారెల్ అనే నర్సు. నాయకుడు పియర్స్ లొంగిపోతున్న ఫోటోలో అతని వెనక ఆవిడ పాదాలు, గౌను అంచు మాత్రం కనిపిస్తాయి. తర్వాత అచ్చేసిన కొన్ని ప్రతుల్లో కూరలో కరివేపాకులా ఆ పాదాలు కూడా తీసేశారు.